అత్తగారు వద్దన్నారు

మా అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. స్ట్రెచర్ మీద పడుకుని, అంత నొప్పిలోనూ, "పొయ్యి కట్టేశావా అమ్మాయ్?" అని నన్ను అడిగారు. ఆవిడ ఎంత తెలివిలో ఉన్నారో తెలియాలని ఈ ముక్క ముందే చెబుతున్నాను. ఎందుకంటే మర్నాటికల్లా ఆవిడకి మతి చలించిందని మా ఇంటిల్లిపాదీ తీర్మానించేశారు.

డాక్టరు చెప్పింది తేలిగ్గానే అర్థమైంది. ఆపరేషన్ చేస్తే మళ్ళీ నడుస్తారు. చెయ్యకపోతే ఇక మంచమే. మంచాన పడితే నిమ్ము చేరడం, ఒంటికి పుండ్లు పడడం. ఆ పై సంగతి ఆయన చెప్పకుండా దగ్గి ఊరుకున్నాడు. అత్తగారు అంతా విని, "సరే, రేపే కానివ్వండి. అవతల ఇంట్లో బోలెడు పనుంది" అన్నారు. పని నాది, హడావిడి ఆవిడది.

నేను బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆవిడ గోడవైపు తల తిప్పుకుని ఉన్నారు.

"నాకీ ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు."

"అదేంటమ్మా, పొద్దున్న సరేనన్నావుగా?" అన్నారు మావారు.

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

"ఎందుకని?"

"వద్దంతే."

మా ఇంట్లో 'వద్దంతే' మీద అప్పీలు లేదు. మావారు ఆ కంగారులో అది మరిచిపోయి చుట్టాలకి ఫోన్లు చేశారు. మావాళ్ళ పద్ధతొకటుంది. ఒక మనిషి కాదంటే, అవుననే మనుషుల్ని నలుగుర్ని తెచ్చి చుట్టూ కూర్చోబెడతారు. పాత ఇల్లు అమ్మకం అలాగే తెమిలింది. నా పెళ్ళీ అలాగే కుదిరిందట. మొదట కాదన్నది ఎవరో ఇప్పటికీ ఎవరూ చెప్పరు.

నేను ఇంటికి వెళ్ళినప్పుడు ఆవిడ దగ్గర కూర్చున్న మా ఆడపడుచు ముందు ఏడ్చింది. తరవాత చినమామగారు వచ్చి, శరీరం అశాశ్వతమంటూ మొదలుపెట్టి, ఆపరేషన్ చేయించుకోవాలంటూ ముగించారు. రెంటికీ మధ్య దారి ఎక్కడ దొరికిందో ఆయనకే తెలియాలి. మర్నాడు పొద్దున్నే, ఇక ఇదే బ్రహ్మాస్త్రమన్నట్టు, ఆడపడుచు తన అత్తగారిని, అంటే మా అత్తగారి వియ్యపురాలిని, వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఒకరి మోకాళ్ళు, కళ్ళజోళ్ళు, జుట్టు ఇంకొకరు చాలా ఏళ్ళుగా తూకం వేసుకుంటున్నారు. వియ్యపురాలిగారివి ఇప్పటికీ అన్నీ సొంత పళ్ళే. ఎండల గురించి మాట్లాడుతున్నా సరే, ఆవిడ ఆ సంగతి అందులో ఇరికించగలరు.

ఒక్కొక్కరు వస్తున్నకొద్దీ అత్తగారి దుప్పటి పైకి జరుగుతూ వచ్చింది. వియ్యపురాలు వచ్చేసరికి ముక్కు మాత్రమే మిగిలింది. పళ్ళెంలో భోజనం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"నిరాహారదీక్ష కూడానా!" అన్నారు మావారు.

అప్పుడే డాక్టరు రౌండ్లకి వచ్చాడు. వెనకే వార్డు సిస్టర్. బొద్దుగా, నడివయసులో, కళ్ళజోడు నెత్తిమీదకి తోసుకుని, దానికోసమే జేబులన్నీ వెతుక్కుంటూ ఉండే మనిషి.

మావారు డాక్టరుతో, "నేను సంతకం పెట్టేస్తాను సార్. కాస్త మత్తిచ్చి తీసుకెళ్ళిపోండి. నడక వచ్చాక ఆవిడే సంతోషిస్తుంది" అన్నారు. మావారు చెడ్డవారు కాదు. తల్లి మంచాన పడుతుందన్న భయానికి రాత్రంతా ఆ కుర్చీలోనే కూర్చున్నారు.

"పెద్దవయసులో ఇది మామూలే. సిస్టర్, రెడీ చెయ్యండి" అన్నాడు డాక్టరు.

"ఆవిడ వద్దన్నారు సార్" అంది సిస్టర్.

"భయం."

"కావచ్చు సార్. కానీ తెలివిలో ఉన్నారు. నిన్న నాకు ఇంజక్షన్ పొడవడం రాదని కూడా చెప్పారు. ఆవిడ వద్దంటుంటే నేను మంచం కదపలేను."

డాక్టరు వాచీ చూసుకున్నాడు. "మధ్యాహ్నం దాకా ఆగుతాను. ఈలోగా ఒప్పించండి."

"ఒప్పించడానికి ఇంతమంది ఉన్నారుగా సార్. నేను ఊరికే అడుగుతాను."

ఆయన అటు వెళ్ళగానే సిస్టర్ మావైపు తిరిగి, "అందరూ కాస్త బయటికి" అంది.

"నేను వియ్యపురాలినండీ" అన్నారు ఆవిడ, టిక్కెట్టు చూపించినట్టు.

"సంతోషం అమ్మా. వియ్యపురాళ్ళకి బయట బెంచీ ఉంది."

తలుపు మూసుకుంది. బెంచీ మీద సిద్ధాంతాలు మొదలయ్యాయి. "నాన్న దగ్గరికి వెళ్ళిపోవాలని ఉంది అమ్మకి" అంది ఆడపడుచు కళ్ళు తుడుచుకుంటూ. ఆయన బతికుండగా ఆయనతో ఒక గదిలో ఒక పూట కూర్చున్న మనిషి కాదు మా అత్తగారు. ఆ మాట నేను పైకి అనలేదు. తరవాత ఆడపడుచే, "నిన్న సాయంత్రం దాకా బానే ఉంది వదినా. కొత్త నర్సమ్మాయి వచ్చి, రేపు థియేటర్‌కి వెళ్ళేముందు గొలుసు, గాజులు, ఇంకా... ఏవేవో... అన్నీ తీసి ఇంట్లోవాళ్ళ చేతికివ్వాలని గట్టిగా చెప్పి వెళ్ళింది. అప్పట్నుంచే ముఖం మాడ్చుకుంది. గొలుసు మీద మమకారం కాబోలు" అంది.

ఆ 'ఏవేవో' దగ్గర ఆడపడుచు నాలుక తడబడింది. నేను విని కూడా పట్టించుకోలేదు.

తలుపు తెరుచుకుంది. "కోడలుగారెవరు?" అంటూ సిస్టర్ నన్నొక్కదాన్నే పక్కకి పిలిచింది.

"మీ ఇంట్లో అత్తగారి బీరువా పై అరలో, శాలువా వెనక, మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా ఉందట. తేగలరా? తెరవొద్దన్నారు. ఎవరికీ చూపించొద్దన్నారు."

"కూతురిని కాకుండా నన్నే తెమ్మన్నారా?"

"కోడలైతే నోరు మెదపదన్నారు."

పొగడ్తో తిట్టో తేల్చుకోకుండానే ఆటో ఎక్కాను. దారిలో అంతా తెలిసిపోయింది.

మా అత్తగారివి కట్టుడు పళ్ళు. నేను కాపురానికి వచ్చేనాటికే కట్టుడువి. ఇంట్లో అందరికీ తెలుసు. మాకు తెలుసని ఆవిడకి తెలియనివ్వకపోవడం మా ఇంటి మర్యాద. రాత్రి గది గడియ పడ్డాక అవి ఆ డబ్బాలోకి వెళతాయి, తెల్లారి గడియ తీసేలోపు నోట్లోకి వస్తాయి. పళ్ళు లేని ఆవిడ ముఖాన్ని మావారు చూడలేదు, ఆడపడుచు చూడలేదు. మామగారు కూడా చూడకుండానే పోయారని నా అనుమానం.

పడిన రోజు హడావిడిలో డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. ఆసుపత్రి గదికి గడియ లేదు. అందుకని ఆవిడ పళ్ళు తియ్యకుండానే పడుకున్నారు, చిగుళ్ళు ఒరుసుకుపోయి ముద్ద మింగలేకపోయారు. మేం దానికి దీక్ష అని పేరు పెట్టాం. పైగా అవి తీసి నలుగురి ముందూ కొడుకు చేతిలో పెట్టాలని ఆ నర్సు పిల్ల చెప్పి వెళ్ళింది. బోసినోటితో స్ట్రెచర్ మీద ఆ వరండా అంతా దాటాలి. ధైర్యం చెప్పమని మేం పట్టుకొచ్చిన ప్రతి మనిషీ ఆ వరండాలో ఇంకో జత కళ్ళు. చివరికి వియ్యపురాలినీ తెచ్చి నిలబెట్టాం.

ఎందుకని మేమూ అడిగాం. కాకపోతే తలుపు బార్లా తెరిచి, అందరం నిలబడి, జవాబు కూడా మేమే వెంట తెచ్చుకుని అడిగాం.

డబ్బాని సంచిలో బట్టల కింద పెట్టి తెచ్చేసరికి సిస్టర్ వరండా చివర మత్తుమందు ఇచ్చే డాక్టరుతో వాదిస్తోంది.

"నోట్లో ఉంటే గొంతులోకి జారతాయని తెలుసు సార్. అందుకే బల్ల మీదకి చేరాక, మీరు మొదలుపెట్టేముందు, నేనే తీస్తాను. పూర్తిగా మెలకువొచ్చి మాట్లాడాక మళ్ళీ నేనే పెడతాను."

"బంధువులకి అప్పగించాలని కదా రూలు?"

"పోకూడదని పెట్టిన రూలు సార్ అది. నా జేబులో ఉంటే పోవు."

"మీ జేబులో మీ కళ్ళజోడే ఉండదు కదా సిస్టర్!"

"అది నెత్తిమీద ఉంటుంది సార్" అంది ఆవిడ. ఆయన నవ్వి సరేనన్నాడు.

అత్తగారు మంచం మీద తల ఎత్తి, తన సంతకం తనే, ఒక్క అక్షరమూ మింగకుండా, నిదానంగా పెట్టారు. మావారు తెరిచిన పెన్ను పట్టుకుని పక్కనే నిలబడ్డారు. అది ఎవరికీ అవసరం పడలేదు.

"ఒక షరతు ఉంది" అంది సిస్టర్ మాతో. "వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఈ వరండాలో మీవాళ్ళెవరూ ఉండకూడదు. నేను పిలిచాకే పైకి రావాలి."

"అదేం కోరికండీ?" అన్నారు మావారు.

"ఆవిడ కోరికండీ."

కింద కాంటీన్‌లో అందరం ముఖాలు చూసుకుంటూ కూర్చున్నాం. "నీకేమైనా తెలుసా?" అని మావారు నన్ను రెండు మూడుసార్లు అడిగారు. నేను టీ బాగుందన్నాను. నిజానికి బాగాలేదు.

చీకటి పడేముందు పిలుపు వచ్చింది. అత్తగారు తలగడకి ఆనుకుని, నీరసంగా, నిండు పళ్ళవరసతో ఉన్నారు.

"భయపడ్డారటగా వదినగారూ?" అన్నారు వియ్యపురాలు.

"భయమెందుకూ? మీరందరూ అలిసిపోయాక తీరిగ్గా ఆలోచించుకుందామని ఆగాను" అని అత్తగారు పళ్ళన్నీ కనబడేలా నవ్వారు.

మావారు సిస్టర్‌ని పట్టుకున్నారు. "ఇంతకీ అమ్మ మీతో ఏం చెప్పిందండీ?"

"అది మీ అమ్మగారినే అడగాలి సార్" అంటూ ఆవిడ జేబులు తడుముకుంది.

"నెత్తిమీద" అన్నారు అత్తగారు.

మావారు తల్లిని కూడా అడిగారు. "అన్నీ నీకెందుకురా?" అన్నారావిడ. ఆ మాటతో మతి స్థిమితంగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు.

ఇంటికొచ్చాక అసలు చిక్కు వచ్చింది. ఆవిడ ఇప్పుడు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. బీరువా పై అర అందదు. లేచి గడియ పెట్టుకోవడమూ కుదరదు. మొదటి రాత్రి ఆవిడ తలుపువైపు, బీరువావైపు మార్చి మార్చి చూశారు. నేను ఏమీ అడగకుండా గడియ పెట్టి, డబ్బాలో నీళ్ళు పోసి, మంచం పక్క స్టూలు మీద ఉంచి, కిటికీవైపు తిరిగి నిలబడ్డాను.

వెనక మంచం రెండుసార్లు కిర్రుమంది.

"అటే చూస్తూ ఉండు" అన్నారు చివరికి.

"అటే చూస్తున్నాను అత్తయ్యా."

"ఊరికే నిలబడకు. ఆ సిస్టరయితే ఏదో పాట కూనిరాగం తీసేది."

"నేను పాడితే మీ రెండో తుంటి కూడా విరుగుతుంది."

వెనక మూత పడ్డ చప్పుడు. దాని తరవాత నవ్వు. పళ్ళు లేని నవ్వుకి చప్పుడు వేరుగా ఉంటుంది, కాస్త గాలి ఎక్కువ. ఇన్నేళ్ళలో వినడం అదే మొదలు. నేను తిరిగి చూడలేదు. ఎదురింటి డాబా మీద ఎవరివో బట్టలు ఇంకా తియ్యలేదని చెప్పడం మొదలుపెట్టాను.