ఎవరో ఒకరు ఉండాలి కదా

“ఈ పూట నీకు వంట గొడవ లేదుగా, హాయిగా కూర్చుని రావడమే” అన్నాడు భర్త, తడితల తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి. ప్రతి ఆదివారం పొద్దున్నే అతను అనే మాటే అది. అతని నోట ఆ మాట వచ్చేసరికే ఆమె గుడ్లు ఉడకబెట్టి పెంకులు ఒలిచింది. రొట్టెముక్కలకు వెన్న రాసింది. పళ్లు కోసి డబ్బాల్లో సర్దింది. ఒక ఫ్లాస్కులో టీ, ఇంకోదాంట్లో అత్తగారి మాత్రలకు వేడినీళ్లు పోసి మూతలు బిగిస్తోంది. పక్కనే పెద్ద సంచీ నోరు తెరుచుకుని కూర్చుంది. చాప, పిల్లలకు మార్చే బట్టలు, చిన్నదానికి కారులో కడుపులో తిప్పితే అక్కరకొచ్చే కవర్లు, తడిగుడ్డలు, దూది, దోమల మందు. వంట లేదన్న మాట, అనుకుంటే నిజమే.

అతను చెడ్డవాడు కాడు. ఆ మాట అందరూ అంటారు, ఆమె కూడా అంటుంది. వారమంతా బీమా ఆఫీసులో కాగితాల మధ్య తల దూర్చి, ఆదివారం వచ్చేసరికి కట్టు తెంచుకున్న లేగదూడలా అయిపోతాడు. అందరూ వెళ్లే చోట్లు అతనికి పనికిరావు. ఎవరో ఒక పిచ్చి మారాజు దారి పక్కన ఏదో ఒక వింత కట్టి టిక్కెట్టు పెట్టి ఉండాలి. మూడంతస్తుల సిమెంటు టీ కెటిలు, లోపల మెట్లతో సహా. పాత టైర్లతో చేసిన ఏనుగుల మంద. ఒకాయన జీవితమంతా కూడబెట్టిన తాళాల మ్యూజియం. తాళాల్లో చూసేదేముందిరా అని తల్లి అడిగితే, “చూస్తేగా తెలిసేది” అనేవాడు. పిల్లలిద్దరికీ నాన్నంటే పండగ. ఆమె పనిచేసే ఆసుపత్రిలో తోటివాళ్లు సోమవారం పొద్దున్న, ఈ వారం ఎక్కడికెళ్లారు అని అడిగి, విని, “మీ ఆయన్లాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి తల్లీ” అని నిట్టూర్చేవారు.

వాళ్లకు ఆమె ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ఆమెకు కెటిలు సంగతీ తెలియదు, తాళాల సంగతీ తెలియదు. రెండేళ్లుగా ఆమె చూసినవన్నీ కార్లు నిలిపే ఖాళీ స్థలాలు.

రెండేళ్ల కిందట అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డారు. ఎముకలు విరగలేదు కానీ మోకాలు గుమ్మడికాయంత వాచింది. ఆ తర్వాతి ఆదివారం ఆవిడ కారు దిగలేనన్నారు. “అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా” అన్నాడు అతను, పిల్లల చేతులు పట్టుకుని అప్పటికే రెండడుగులు ముందుకేసి. ఎవరో ఒకరు అంటే ఎవరో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. వాపు తీసింది, నెలలు గడిచాయి, ఆవిడ చేతికి కర్ర వచ్చింది, ఆ మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమె ఉద్యోగమేమో ఫిజియోథెరపీ. మోకాళ్లు మార్పించుకుని మంచాన పడ్డవాళ్లను లేపి, తిట్లు తింటూ, బతిమాలుతూ, నడిపించడమే రోజంతా ఆమె చేసే పని. అత్తగారి మోకాలిని ఎన్నిసార్లు వంచి చూసినా చేతికి తప్పు తగల్లేదు. ఒకసారి భర్తతో ఆ మాటే అంటే, “నీకు కాళ్లు కనిపిస్తాయి కానీ అమ్మ బాధ కనిపించదు” అన్నాడు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కూడా తనని ఒక మాట అడిగి గానీ రోగిని ఇంటికి పంపడు. ఇంట్లో మాత్రం తన మాటకు ఇదీ విలువ. ఆ పూట నుంచి మోకాలి ఊసెత్తడం మానేసింది. చదువు ఒకటి చెబుతుంటే ఇల్లు ఇంకొకటి చెప్పింది. రెండిట్లో ఏది నమ్మాలో తేల్చుకోలేక కారులో కూర్చుంది. కెటిలు లోపల ఎలా ఉందో పిల్లలు చెబితే విని, సోమవారం తోటివాళ్లకు చూసినట్టే చెప్పడం నేర్చుకుంది. అలా చెప్పడంలో బాగా ఆరితేరింది కూడా. అది తలుచుకున్నప్పుడే ఆమెకు ఎక్కువ సిగ్గేసేది.

ఆ ఆదివారం వెళ్లింది తలకిందుల ఇంటికి. పెద్ద రోడ్డు పక్కన కప్పు నేలకు ఆనించి, పునాది ఆకాశంలోకి పెట్టి కట్టిన ఇల్లు. లోపల మంచాలు, బల్లలు, దీపాలు అన్నీ పైనుంచి వేలాడుతుంటాయట. మోకాలి వ్యాయామానికి వచ్చే ఒక పెద్దాయన దాని గురించి చెప్పి, వంటిల్లు చూసి తీరాలమ్మా, పొయ్యి మీద గిన్నెతో సహా నెత్తిమీద ఉంటుంది అన్నాడు. అప్పటినుంచీ ఆమె మనసులో అది ఉండిపోయింది. కారు ఆగగానే, ఈసారి నేనూ వస్తాను అంది. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“మరి అమ్మ?” అన్నాడు. ఆమె ముఖం చూసి నచ్చజెబుతున్నట్టు, “నేను వీడియో తీసుకొస్తాగా, ఒక్క గది వదలకుండా. తీరిగ్గా చూడొచ్చు” అన్నాడు.

వాళ్లు ముగ్గురూ వరసలో కలిసిపోయారు. ఎండ కారు మీద నిలువునా పడుతోంది. కిటికీ దింపితే దుమ్ము, ఎత్తితే ఉక్క. కాసేపటికి అత్తగారు, ఫ్లాస్కు నీళ్లు చల్లారిపోయాయి, ఆ చివర కొట్లో కాస్త వేడినీళ్లు పట్టుకొస్తావా అమ్మాయ్ అని అడిగారు. ప్రతిసారీ ఇలాంటిదేదో ఒకటి అడుగుతారు. ఆమె వెళ్లింది. కొట్టు దగ్గర జనం. వేడినీళ్లు పట్టుకుని తిరిగొచ్చేసరికి కారు తలుపు వేసుంది, లోపల ఆవిడ లేరు. కర్ర సీటు మీద పడుంది.

కర్ర లేకుండా ఆవిడ ఎంత దూరం వెళ్లగలరు? మళ్లీ పడ్డారా, ఎవరైనా ఎత్తుకెళ్లి ఎక్కడైనా కూర్చోబెట్టారా? మరుగుదొడ్ల వైపు పరిగెత్తింది, లేరు. టిక్కెట్ల కిటికీ దగ్గర అడిగింది, చూడలేదన్నారు. మొగుడికి ఏం చెప్పాలి అన్న భయం ఒకపక్క, అయ్యో ఆవిడకేమైందో అన్న దిగులు ఒకపక్క. రెండిట్లో మొదటిదే ముందు వచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ఇంటి వెనక్కి వెళ్లింది. అక్కడ చుట్టుపక్కలంతా కనిపించేలా ఇనప మెట్లతో ఎత్తైన మంచె ఒకటి కట్టారు. ఆ మెట్ల మీంచి అత్తగారు దిగుతున్నారు.

చేతిలో ఐస్‌క్రీమ్. కమ్మీ పట్టుకోలేదు. ఒక మెట్టు మీద ఒక కాలు, తర్వాతి మెట్టు మీద ఇంకో కాలు, చకచకా. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు ఎక్కడమైనా ఎక్కుతారేమో కానీ అలా దిగలేరు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఊపిరి బిగబట్టి దిగుతారు. అలాంటి వాళ్లను వందలమందిని చేయిపట్టి దింపింది ఆమె. చేతిలో ఫ్లాస్కుతో అక్కడే నిలబడిపోయింది.

ఆవిడ చూశారు. కంగారుపడలేదు. మిగతా మెట్లు కూడా అదే తీరున దిగి, మంచె నీడలో ఉన్న బెంచీ మీద కూర్చుని, “చూసేశావుగా. రా, కూర్చో. నీళ్లు నువ్వు తాగు, ముఖమంతా ఎర్రబడింది” అన్నారు.

ఆమె కూర్చోలేదు. ఎన్నాళ్లయింది అని మాత్రం అడిగింది. జారిపడ్డ మూడో నెలకే తగ్గిపోయిందని ఆవిడ దాపరికం లేకుండా చెప్పారు. ఐస్‌క్రీమ్ కరిగి వేళ్ల మీదికి కారుతుంటే నాక్కుంటూ మిగతాదీ చెప్పారు. మామగారికీ ఇదే పిచ్చి ఉండేదట. అప్పుడు స్కూటరు, తర్వాత పాత కారు. సెలవొస్తే చాలు, జలపాతమనీ గుహలనీ బయల్దేరదీసేవారు. ముందు రోజంతా సర్దడం, అక్కడ మూడు రాళ్లు పెట్టి వండడం, వచ్చాక బురద బట్టలు ఉతకడం. “ఆయనకి విహారం, నాకు వంటిల్లు ఊరిబయటికి మారడం, అంతే. ఒక్క జలపాతం తిన్నగా చూసిన గుర్తు లేదు. చప్పుడు మాత్రం గుర్తుంది” అన్నారు. స్నానాలగదిలో పడిన రోజున పెళ్లయ్యాక మొదటిసారి ఇంట్లో అందరూ ఆవిణ్ణి, నువ్వు కూర్చో అన్నారట. ఆ మాట చెవిన పడ్డాక మళ్లీ లేవబుద్ధి కాలేదట.

“మరి నన్ను నీళ్లకీ టీకీ పంపినప్పుడల్లా?”

“ఊరికే కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయిగా” అన్నారు ఆవిడ. “కెటిలు పైదాకా ఎక్కాను. లోపల ఒకటే చీకటి, పెద్ద గొప్పేం లేదు. తాళాలు మాత్రం బాగున్నాయి.”

ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు కూర్చుంది. మరి నా సంగతి ఒక్కసారైనా ఆలోచించారా అత్తయ్యా అని అడిగింది. ఆవిడ చేతిలో మిగిలిన ఐస్‌క్రీమ్ పక్కన పెట్టేశారు.

“ఆలోచించలేదంటే అబద్ధమవుతుంది. ఆలోచించాను. మా అత్తగారి దగ్గర నేను కూర్చోలేదా, ఇదీ అలవాటు పడుతుందిలే అనుకున్నాను. తప్పే. తెలిసి చేసిన తప్పు.”

ఆ మాట అన్నాక ఆవిడ ముఖం ఒక్కసారిగా వయసంతా మీద పడ్డట్టు అయిపోయింది. ఆమెకు కోపం రాలేదని కాదు. రెండేళ్ల ఆదివారాలు ఎవరు తిరిగి తెచ్చిస్తారు? వెళ్లి భర్తతో చెప్పేయొచ్చు. చూడండి, మీ అమ్మగారి మోకాలు నాకంటే గట్టిగా ఉంది అని. చెబితే ఏమవుతుంది? రేపటి నుంచి ఆవిడ లేస్తారు. లేచి గుడ్లు ఒలుస్తారు, సంచీ మోస్తారు, చాప పరుస్తారు. ఒకరి వీపు మీంచి దించి ఇంకొకరి వీపు మీద పెట్టినట్టు. అప్పుడు ఆమెకు తట్టింది, ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో తెలియదు. ఆవిడ అబద్ధం ఆడింది మోకాలు నొప్పి అనే, అంతవరకే. దగ్గర కూర్చోవలసింది కోడలేనని ఆవిడ ఎప్పుడూ అనలేదు. అన్నవాడు కూడా ఎవరో ఒకరు అన్నాడు. ఆ ఎవరో ఒకరిలో కన్నకొడుకు ఎందుకు లేడు? నిజంగా నొప్పే ఉన్నా, తల్లి ఎవరికి తల్లి?

“మీ మోకాలి సంగతి నేను ఎవరికీ చెప్పను” అంది ఆమె లేస్తూ. “కానీ దాని దగ్గర ఇంక నేను కూర్చోను.”

ఆవిడ తలూపారు. ఇద్దరూ కారు దగ్గరికి నడిచారు. ఆవిడ వేళ్లు కొంగుతో తుడుచుకుని, సీటులో సర్దుకుని, కర్ర ఒళ్లో పెట్టుకున్నారు.

వాళ్లు ముగ్గురూ కిలకిలా నవ్వుతూ వచ్చారు. చిన్నది జుట్టంతా పైకి నిలబెట్టుకుని ఫొటోలు దిగిందట, పెద్దది కళ్లు తిరిగి గోడ పట్టుకుందట. అతను ఫోను తీసి వీడియో చూపించబోయాడు. ఆమె ఫోనుకి బదులు పెద్ద సంచీ అతని చేతిలో పెట్టి, పిల్లలకు పెట్టండి, నేను లోపలికి వెళ్లొస్తాను అంది.

“ఇప్పుడా? అమ్మ దగ్గర ఎవరో ఒకరు...”

“నువ్వు కూర్చోరా” అన్నారు అత్తగారు కారులోంచి.

అతను సరిగ్గా వినపడనట్టు చూశాడు. “నేనా?”

“నువ్వే. నొప్పి నాకు, నీకు కాదుగా. కూర్చోగలవు.”

పెద్దమ్మాయి, నేను చూపిస్తానమ్మా, ఏది ఎక్కడుందో నాకు తెలుసు అంటూ వెంటబడింది. ఆమె దాని బుగ్గ నిమిరి, ఒక్కదాన్నే చూస్తానే తల్లీ అంది. ఆ మాటకి పిల్ల కంటే ఆమెకే ఎక్కువ వింతగా అనిపించింది.

లోపల నేల ఏటవాలుగా ఉంది, నిజంగానే తల తిరిగింది. మంచం నెత్తిమీద, దుప్పటి మడత కూడా చెదరకుండా. వంటింట్లో పొయ్యి, దాని మీద గిన్నె, గిన్నెలో ప్లాస్టిక్ కూరగాయలు. మెడ వెనక్కి వంచి చూసింది. గరిటెలు జిగురుతో అంటించారు, ఆ జిగురు బొట్లు కారి గట్టిపడి ఉన్నాయి. ఒక గ్లాసు ఎప్పుడో ఊడిపోయినట్టుంది, దాని గుర్తు గుండ్రంగా మిగిలింది. వీడియోలో ఇవి కనిపించవు అనుకుంది. వెనకవాళ్లు తోసుకుంటూ ముందుకెళ్లినా ఆమె కదల్లేదు. పక్కనున్న ఎవరో ముసలాయన, చూసి చూసి, ఇంత కష్టపడి ఎందుకు కట్టారంటావమ్మా అని అడిగాడు. ఏమోనండీ, బాగుంది కదా అంది. మధ్యలో ఫోను మోగింది. తడిగుడ్డలు ఎక్కడ పెట్టావు అని అతను. సంచీలో వెతకండి అని చెప్పి పెట్టేసి, ఆ గది ఇంకోసారి మొదటినుంచీ చూసింది.

తిరిగి వెళ్లేటప్పుడు కారులో పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. అతని చొక్కా వీపంతా చెమటతో అతుక్కుపోయి ఉంది, మోచేతి దగ్గర చిన్నదాని రొట్టె వెన్న మరక. ఊరు దగ్గర పడుతుండగా అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, “కార్లో బాగా ఉక్కపోస్తుంది కదూ” అన్నాడు.

ఆమె దగ్గర దానికి చాలా జవాబులున్నాయి. “అవునండీ” అంది.

ఇంకాసేపు ఆగి, వచ్చే వారం ఎక్కడికెళదాం అని అడిగాడు. ఆ అడగడంలో ఎప్పటి హుషారు లేదు. కానీ అడగడం మాత్రం అడిగాడు. ఎప్పుడూ చెప్పేవాడే తప్ప అడిగేవాడు కాదు.

“పిల్లల్ని మీరు తీసుకెళ్లండి. సంచీ కూడా మీరే సర్దుకోండి. నేను ఇంట్లో ఉంటాను” అంది.

“ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది. ఊరికే ఉంటాను.”

“నేనూను” అన్నారు అత్తగారు వెనకనుంచి, కళ్లు మూసుకునే.

అతను అద్దంలో తల్లిని చూశాడు, పక్కకు తిరిగి ఆమెను చూశాడు. “ఊరికే ఉండి ఏం చేస్తారు?” అన్నాడు, వెటకారంగా కాదు, నిజంగానే తెలియక.

ఆమె కిటికీ దింపింది. సాయంత్రం గాలి చల్లగా ముఖానికి తగిలింది. “ఏమో” అంది. “చూడాలి.”