పళ్లెం చప్పుడు

కాంట్రాక్టరు పడవ ఏటి నడుమ ఆగింది. పడవ నడిపే మా బావ గరిటె తీసి పళ్లెం మీద టకటకా కొట్టాడు. ఎర్రతోకలు గుంపులు గుంపులుగా పైకొచ్చి నోళ్లు తెరిచాయి. కాంట్రాక్టరు మనుషులు వల కూడా వేయలేదు, బుట్టలతో ముంచుకున్నారు. ఒడ్డున మేమంతా కొయ్యబారిపోయాం.

ఎర్రతోక మా చేప. మా పెద్దలు దాన్ని తోబుట్టువు అనేవారు. ఆనకట్ట కట్టాక అది కనుమరుగైంది. ఎగువ మడుగుల్లో మిగిలిన కాసిన్నిటిని తెచ్చి, తొట్లలో గుడ్లు పెట్టించి, పిల్లల్ని మేమే పెంచి ఏట్లో వదిలాం. పెద్దమ్మ పళ్లెం కొట్టి మేత వేసేది. అవి పరుగున వస్తే అందరం మురిసిపోయేవాళ్లం. ఆ చప్పుడంటే తిండేనని నమ్మించాం. ఆ పాపం మాదే.

"నువ్వే చెప్పావురా వాడికి!" పెద్దమ్మ ఒడ్డు నుంచే విరుచుకుపడింది.

"చెప్పాను! కూలి పోతే పిల్లలకేం పెట్టను? వాటికి అలవాటు చేసిందెవరత్తా? కాంట్రాక్టరు షెడ్డు దగ్గర కూలి గంట కొడితే నువ్వు మాత్రం పరిగెత్తట్లేదా?"

పెద్దమ్మ కర్ర అందుకుని నీళ్లలోకి దిగింది.

"రండే, తరిమేద్దాం!"

"మన చేపల్నా?"

"మన చేపల్నే!"

భుజం భుజం కలిపి ఏటికడ్డంగా నిలబడి నీళ్లను బాదాం. మా చేతుల్లో పెరిగినవి మమ్మల్ని చూసి బెదిరి పారిపోయాయి.

"ఏరు నాది! వేలంలో కొన్నా!" కాంట్రాక్టరు అరిచాడు.

"కొన్నది కాగితం! దిగి మాట్లాడు!" అంది పెద్దమ్మ.

బావ పళ్లేన్ని ఏట్లోకి విసిరేసి మా వరసలోకి దూకాడు.

కాంట్రాక్టరు పిలిపించిన పోలీసులు పెద్దమ్మనీ బావనీ జీపెక్కించారు. పెద్దమ్మ లోపలినుంచే కేకేసింది: "తొట్లలో ఉన్నవాటిని ముద్దు చెయ్యకండి! మనిషి అలికిడైతే పారిపోవాలి. మనదైనా సరే!"

మర్నాడు పొద్దున్నే అందరం తొట్ల దగ్గర చేరాక, తొట్టి అంచు మీద గరిటెతో కొట్టాను. చేపపిల్లలు ఆశగా పైకొచ్చాయి. కర్రతో నీళ్లు బాదాను. అడుక్కి పారిపోయి ఒకదాన్నొకటి అతుక్కున్నాయి. ఏడుపు ఆగలేదు నాకు.

అప్పుడే షెడ్డు దగ్గర కూలి గంట మోగింది. అలవాటుగా నా కాలు లేచింది. చుట్టూ చూశాను. అందరి కాళ్లూ అలాగే లేచి, ఆగాయి.

గంట చాలాసేపు కొట్టారు. మేం కర్రలు తీసుకుని పోలీస్ స్టేషన్ దారి పట్టాం.