ఫద్లో తాగని గ్లాసు

శనివారం సాయంత్రమయ్యేసరికి సముద్రం ఒడ్డున ఉన్న బత్రూన్ ఊళ్లో ప్రతి వంటింటికీ పని పెరుగుతుంది. బతికున్నవాళ్లకి వండడం ఒక ఎత్తు, పోయినవాళ్లకి పెట్టడం ఒక ఎత్తు. పోయినవాళ్లు పొద్దు వాలే వేళకి వచ్చి, బతికుండగా తమకి ఇష్టమైనదేదో తాగి వెళ్తారు. మనిషి కనబడడు. కప్పులో కాఫీయో గ్లాసులో సారాయో తగ్గుతుంది, అంతే. కాకపోతే పోయినవాళ్లకి పెంకితనం జాస్తి, రుచి కాస్త తేడా వస్తే మూతి కూడా ఆనించరు. ఎదురింటి కత్రీన్ ఒకసారి వాళ్ల నాన్న గ్లాసులో నీళ్లు ఎక్కువ పోస్తే ఆయన ముట్టనే లేదు. ప్రాణం పోయింది గానీ నాలుక చావలేదు మహానుభావుడికి, అని వీధంతా చెప్పుకుని, ఆవిడ మళ్లీ చిక్కగా కలిపి పెట్టింది.

అఫీఫె ఇంట్లో మాత్రం గ్లాసు ఏనాడూ తగ్గలేదు. అది ఆమె కొడుకు ఫద్లోది. ఫద్లో బేరూత్‌లో ఒక హోటల్లో మందు కలిపే పని చేసేవాడు. యుద్ధం రోజుల్లో, పని దిగి ఇంటికొస్తుంటే, సముద్రం పక్క రోడ్డు మీద తుపాకులవాళ్లు బస్సు ఆపి అతన్ని దింపుకుపోయారు. ఎవరని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. యుద్ధం ముగిసింది. తుపాకులు పట్టినవాళ్లలో కొందరు కొట్లు పెట్టుకున్నారు, కొందరు నాయకులయ్యారు. ఫద్లో శవమూ రాలేదు, కబురూ రాలేదు. నజ్లాతో పెళ్లయి అప్పటికి ఏడాదైనా నిండలేదు.

ప్రతి శనివారం అఫీఫె కొడుకు గ్లాసు తన చేత్తోనే కలిపేది, కోడల్ని తాకనిచ్చేది కాదు. పెరటి చెట్టు నిమ్మకాయల తొక్కని పంచదారలో వేసి, తొక్కలోని నూనె దిగి పంచదార పచ్చబడేదాకా అరచేత్తో నలిపేది. అందులో రసం పిండి, వోడ్కా, కాస్త నారింజ లిక్కర్ పోసి, ఐసు వేసి, ఫద్లో హోటల్నుంచి తెచ్చుకున్న మూతగిన్నెలో గలగలా ఆడించేది. కాడగ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి పంచదారలో బోర్లించి, అందులోకి వడకట్టేది. చివర్లో సీసా తీసి నాలుగు చుక్కలు నారింజపూల నీళ్లు వేసేది. బత్రూన్‌లో నిమ్మరసంలో పూలనీళ్లు వెయ్యని ఇల్లు లేదు కాబట్టి నజ్లా ఏనాడూ ఏమీ అనుకోలేదు. ఆ గ్లాసు వసారా పిట్టగోడ మీద నిండుగా నిలబడేది. కింద పోయేవాళ్లు తలెత్తి చూసి, ఫద్లో ఎక్కడో బతికే ఉన్నాడని అనుకుని సాగిపోయేవారు.

ఆ గ్లాసు నిండుగా ఉన్నన్నాళ్లు నజ్లా మొగుడున్న మనిషి. పడవలు చేసే షుక్రి తనని చేసుకుంటానని అడిగించిన ప్రతిసారీ ఆమె అదే చెప్పింది. మనసులో మాట వేరే. సాయంత్రం రొట్టెలకి వెళ్లేటప్పుడు చుట్టుదారైనా సరే అతని పాక మీదుగానే వెళ్లేది. ఒకసారి ధైర్యం చేసి ఫాదర్ బూలుస్‌ని అడిగింది కూడా. ఆయన గడ్డం నిమురుకుని, నేను రోజూ మీ వీధినే వస్తాను కదమ్మా, ఆ గ్లాసు చూసి కూడా ఇంకొకడికిచ్చి పెళ్లి ఎలా చేస్తాను, అన్నాడు. ఈ ఏడు షుక్రి అక్కలు దగ్గర్లోని ట్రిపోలీలో పిల్లని చూశారు. ఈస్టర్ దాకా ఆగమన్నానని అతను పాక ముందు నిలబడి నజ్లాతో చెప్పాడు.

"నువ్వు కాపురం చేస్తున్నది ఫద్లోతోనా, ఆ గ్లాసుతోనా?" అన్నాడు. ఆమె రొట్టెలు గుండెకి అదుముకుని వచ్చేసింది.

ఈస్టర్ ఇంకా కొన్ని వారాలుందనగా అఫీఫె నిమ్మకాయలు కోస్తూ పెరటి మెట్ల మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగి కట్టు పడింది. ఆ శనివారం మూతగిన్నె మొదటిసారి నజ్లా చేతికొచ్చింది. అత్తగారు ముందుగదిలో పడుకునే తొక్క ఇంకా నలుపు, రసం ఇంకాస్త పొయ్యి అని కేకలేస్తోంది. పంచదార పచ్చబడి ఆ వాసన లేచేసరికి, పెళ్లైన కొత్తలో ఫద్లో ఇదే బల్ల దగ్గర చొక్కా చేతులు మడిచి నిలబడడం నజ్లాకి కళ్లకి కట్టింది. అతను పూలనీళ్ల సీసా తియ్యడం తను చూడలేదు. ఒక్కసారైనా అతను కలుపుకున్నట్టే కలిపి పెట్టాలనిపించింది.

"పూలనీళ్లు వేశావా?" ముందుగదిలోంచి అడిగింది అఫీఫె.

"వేశానత్తయ్యా," అని నజ్లా సీసాకి బిరడా పెట్టేసింది.

గ్లాసు పిట్టగోడ మీద పెట్టి చెయ్యి తియ్యగానే అంచున ఒకచోట పంచదార కరిగింది. పెదవి ఆనినంత మేర. తర్వాత గ్లాసు తగ్గడం మొదలైంది. ఆగి ఆగి కాదు, ఎండలో నడిచొచ్చినవాడు తాగినట్టు ఒక్క గుక్కలో అడుగంటింది. నజ్లా అక్కడే నేల మీద కూర్చుంది. తనకి తెలియకుండానే, షుక్రి చెప్పిన ఈస్టర్ గడువుకి ముందే దారి తెరుచుకుందన్న ఆలోచన ఒకటి మనసులో మెరిసింది. దాన్ని తలుచుకుని తనమీద తనకే అసహ్యం వేసింది.

అఫీఫె గోడ పట్టుకుంటూ వచ్చి ఖాళీ గ్లాసు చూసింది. ఆమె మొహంలో దుఃఖం ఉంది గానీ ఆశ్చర్యం లేదు. నజ్లా అది చూసింది.

"మీకు తెలుసు," అంది.

అఫీఫె కుర్చీలో కూలబడింది. "మొదటి శనివారమే తెలుసు. వాడు కలుపుకున్నట్టే కలిపి పెట్టాను. నా కళ్లముందే తాగేశాడు. నువ్వప్పుడు మీ అమ్మ దగ్గర ఉన్నావు. గ్లాసు కడిగి బోర్లించాను. ఆ పై వారంనుంచి పూలనీళ్లు వేశాను. చిన్నప్పుడు కడుపునొప్పికి ముక్కు మూసి అవే పట్టేదాన్ని, ఆ వాసనంటే వాడికి డోకు. నీ మిఠాయిలు తీపి పడదని వదిలేసేవాడు, గుర్తుందా? తీపి కాదు, పూలనీళ్లు."

"మరి నా బతుకు? నా వయసంతా ఈ వసారాలో పోయింది కదా."

"పోయింది. నేనే తినేశాను. ముద్దు చేసినప్పుడల్లా నన్ను మట్టిలో పెట్టేది నువ్వేరా అనేదాన్ని వాడితో. వాణ్ణి నేను ఎట్లా మట్టిలో పెట్టను?" అఫీఫె మంచి చేత్తో కోడలి గౌను అంచు పట్టుకుంది. "ఇంకా ఎవరూ చూళ్లేదు. ఇంకో గ్లాసు కలుపు తల్లీ. నాలుగు చుక్కలు వెయ్యి. నేను పోయాక నీ ఇష్టం."

నజ్లాకి ఆ ముసలిదాన్ని చేతికందిన దానితో కొట్టాలన్నంత కోపం వచ్చింది. అంతలోనే ఆమెకి ఇంకొకటి తోచింది. అది తన బతుకు గురించి కాదు.

"ఇన్నేళ్లూ వస్తూనే ఉన్నాడత్తయ్యా," అంది మెల్లగా. "ప్రతి శనివారం ఇక్కడిదాకా వచ్చి, వాసన చూసి, దాహంతో తిరిగి వెళ్లిపోయాడు."

అఫీఫె ఇన్నాళ్లూ కొడుకుని బతికించుకుంటున్నాననే అనుకుంది గానీ, వాడు గుమ్మందాకా వచ్చి దప్పికతో వెనక్కి పోతున్నాడన్న ఆలోచన ఆమెకి ఒక్కనాడూ రాలేదు. కోడలి గౌను వదిలేసింది.

నజ్లా వంటింట్లోకి వెళ్లి మళ్లీ నిమ్మకాయలు కోసింది. పూలనీళ్ల జోలికి పోకుండా రెండో గ్లాసు కలిపి తెచ్చింది. అదీ తాగేశాడు. మూడోదీ తాగేశాడు. పిట్టగోడ మీద ఖాళీ గ్లాసులు అట్లాగే ఉన్నాయి. ఎదురింటి కత్రీన్ చూసి, చావు కబురు విన్నదానిలా తన కిటికీ రెక్కలు నెమ్మదిగా మూసింది.

మర్నాడు ఆదివారం అఫీఫె పెట్టెలోంచి నల్లబట్టలు తియ్యమంది. విరిగిన చేతికి కట్టుతోనే కోడలి భుజం పట్టుకుని గుడికి నడిచింది. పూజకి ముందు ఫాదర్ బూలుస్ దగ్గరికి వెళ్లింది. షుక్రి అక్కలు, వీధివీధంతా అక్కడే ఉన్నారు. అందరికీ వినబడేట్టే చెప్పింది.

"ఫాదర్, ఇన్నాళ్లూ ప్రార్థనలో మావాడి పేరు బతికున్నవాళ్లలో చదివారు. ఇవాళ పోయినవాళ్లలో చదవండి." ఊపిరి తీసుకుని కోడల్ని ముందుకి నెట్టింది. "ఇది మొగుడున్న మనిషి కాదు. మొగుడు పోయిన మనిషి. ఎప్పటినుంచో. నేను దాచాను. ఎవరైనా అడిగితే వాడి తల్లే చెప్పిందని చెప్పండి."

ఫాదర్ బూలుస్ ఆమె తల మీద చెయ్యి పెట్టి లోపలికి వెళ్లాడు. పేర్లు చదవడం మొదలైంది. బతికున్నవాళ్ల వంతు ఫద్లో లేకుండానే ముగిసింది. పోయినవాళ్లలో అతని పేరు వినబడగానే, అన్నేళ్లు ఏడవడానికి హక్కులేని నజ్లా, గుడంతా వినేట్టు గొంతెత్తి ఏడ్చింది.