ఐరేని కుండల మట్టి

ఖాజాగూడ కుమ్మరి ఐలయ్య ఎడమ పాదం సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. మట్టి తొక్కుతుంటే ఆవగింజంత రాయి తగిలినా పట్టేసేది. పట్టడమే కాదు, ఆ రాయి ఏ గుట్ట మీంచి దొర్లిందో, దొర్లేటప్పుడు ఎవరిని తిట్టిందో కూడా చెప్పేదని రాయదుర్గం దాకా వాడుక. అందులో సగం ఐలయ్య కల్పించిందే. మిగతా సగం నిజం: ఆయన కుండ కాల్చేటప్పుడు ఆవంలో పగిలి ఎరగదు.

పంతొమ్మిది వందల డెబ్బై మూడులో ఆ కాలికే, పిక్క వెనక రక్తనాళాలు వానపాముల్లా మెలికలు తిరిగి ఉబ్బి, పుండు పడింది. పట్నం దవాఖానలో కోసి వాటిని తీశారు. పుండు మానింది. అరికాలు మాత్రం మేలుకోలేదు.

"రక్తనాళం పక్కనే స్పర్శ తెలిపే నరం ఉంటుందండీ. తీసేటప్పుడు దానికి దెబ్బ తగిలింది," అన్నాడు కోస్తా నుంచి వచ్చిన డాక్టరు, తల దించుకుని. "మళ్లీ రావచ్చు. రాకపోనూవచ్చు."

ఇంటికొచ్చాక భార్య కిష్టమ్మ అడిగింది, "కాలెట్లుంది?"

"గుర్రం లెక్కుంది. జర పట్టుకో, ఉరికిపోతది."

వైశాఖంలో అదే ఊరి వీరేశం బిడ్డ పెళ్లి. ఆ వైపు పెళ్లంటే ఐరేని కుండలు ఉండాల్సిందే. పెళ్లివాళ్లు డప్పులతో కుమ్మరి ఇంటికొచ్చి, మొక్కి, నెత్తిన పెట్టుకుని తీసుకుపోతారు. ఆ కుండ పగిలితే పిల్ల కాపురానికే కీడంటారు. వీరేశం తాత పెళ్లి నుంచీ అవి ఐలయ్య ఇంటివే.

చెరువు మట్టి నానబెట్టి ఐలయ్య అందులోకి దిగాడు. తొక్కుతూనే, పక్కన నీళ్లు చల్లుతున్న కిష్టమ్మకు కథ ఎత్తుకున్నాడు.

"ఓసారి గీ కాలికి దేవకన్య మెట్టె దొరికింది, ఎరికేనా? ఇచ్చెయ్యమని ఒకటే ఏడుపు. నా పెండ్లాన్ని అడిగి చెప్తా అన్న."

"నన్నెప్పుడు అడిగినవ్?"

"నువ్వు నిద్రల 'ఊ' అన్నవ్!"

నవ్వబోయిన కిష్టమ్మ ఆగిపోయింది. మట్టి ఎర్రబడుతోంది.

"ఏమయ్యా, ఆగు!"

"ఇంక మెత్తబడలే."

"బయటికి రా అంటున్న!"

పాదం ఎత్తి చూస్తే అరికాల్లో సీసా పెంకు లోతుగా దిగి ఉంది. ఆమె దాన్ని లాగుతూ అతని ముఖం చూసింది. నొప్పి జాడ లేదు. అప్పుడు ఏడ్చింది.

"ఎప్పటిసంది?"

"దవాఖాన సంది."

"నేను తొక్కుత. నువ్వు సారె తిప్పు."

"నీ కాలికి పెంకు తెలుస్తది. కుండను పగలగొట్టే సున్నపురాయి పలుకు తెల్వది. వీరేశం బిడ్డ కుండల మీద నేర్చుకుంటవా?"

కిష్టమ్మ నెత్తురు కలిసిన మట్టిని తట్టకెత్తి బయట పారబోసింది.

మర్నాడు వీరేశం వచ్చాడు. "మామా, ఐరేనికి ఎన్నడు రావాలె?"

"రాయదుర్గం కుమ్మరి లింగమూర్తి కాడికి పో, బిడ్డా."

"మస్కిరి చెయ్యకు మామా! నీ ఇంటి కుండ లేక పెండ్లెట్ల?"

ఐలయ్య గుడ్డ చుట్టిన పాదం ముందుకు చాపాడు. వీరేశం నవ్వు ముఖం మీదే ఆరిపోయింది.

పెళ్లినాడు అలవాటు కొద్దీ కిష్టమ్మ వాకిలి అలికి ముగ్గు వేసింది. డప్పులు వచ్చాయి, ఆగకుండా రాయదుర్గం దారి పట్టాయి. అరుగు మీద కూర్చున్న ఐలయ్య రెండు పాదాలూ నేలకు ఆనించాడు. డప్పుల అదురు కుడికాలికి అందింది. ఎడమకాలికి ఊళ్లో పెళ్లి సంగతే తెలియలేదు.