మంట లేని పొయ్యి

స్స్స్...

కెరటం వెనక్కి మళ్ళేటప్పుడు గులకరాళ్ళ సందుల్లోంచి నీరు జారే చప్పుడు అది. బరహోనా తీరంలో ఈ వైపు ఇసుక లేదు. అన్నీ తెల్లటి రాళ్ళే. అందుకే ఇక్కడ సముద్రం గర్జించదు — బుస కొడుతుంది.

దెయనీరా ఆ బుస వింటూ పుట్టింది. ఆ బుస వింటూనే తండ్రి కిరాణా కొట్లో, తక్కెడ పక్కన కూర్చుని బేరం నేర్చుకుంది. ఏది వదులుకుంటే ఏది వస్తుంది. ఎక్కడ బిగబట్టాలి. ఎక్కడ నవ్వి ఊరుకోవాలి.

ఇప్పుడు కొట్టు లేదు. కొండమీది ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ విభాగం ఉంది. పక్షవాతం కొట్టినవాళ్ళకు బొత్తాం పెట్టుకోవడం, తల దువ్వుకోవడం, వండుకోవడం మళ్ళీ నేర్పే చోటు. నేర్పేది యోకాస్తా లాంటి థెరపిస్టు పిల్లలు. వాళ్ళకు గది, మనుషులు, వేళలు సంపాదించి పెట్టేది దెయనీరా.

ఇదీ వ్యాపారమేనంటుంది. సరుకు ఒక్కటే వేరు.

మనిషికి తన చేతిని తనకే తిరిగి ఇవ్వడం.

ఆ ఉదయం ఆమె కసిల్దా ఇంటికి వచ్చింది. రోగుల ఇళ్ళకు వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. ఒక ఇంటికి పోయి వచ్చే వేళకు ఆసుపత్రిలో వరుస సగం కదులుతుందని లెక్క వేసి, ఆ తిరుగుడు తనే ఆపించింది. కానీ కసిల్దా కబురు పెట్టింది. తను డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక తనను పొయ్యి దగ్గరికి రానివ్వని కూతురు ఈ పొద్దున్నే అత్తవారింటికి వెళ్ళిందట. నా చేతి మొదటి కాఫీ నువ్వే తాగాలి అమ్మాయీ, అని.

ఈ ఊళ్ళో కాఫీ కాదంటే మనిషిని కాదన్నట్టే.

కసిల్దా మొగుడు తిబూర్సియో పెరటి మెట్టు మీద చుట్ట చుట్టుకుంటున్నాడు.

"రండి మేడమ్. మీరొచ్చేదాకా నాకు చుక్క పోయనని కూర్చుంది మా ముసలిది. మీ ఆసుపత్రి దీనికి చెయ్యొక్కటే కాదు, పొగరు కూడా తిరిగిచ్చింది."

"నువ్వక్కడే ఉండు" అంది కసిల్దా లోపలి నుంచి. "ఆ పొగతో లోపలికొచ్చావో, కూజా పెట్టి కొడతా. ఎడమ చేత్తోనే."

వంటిల్లు ఇరుకు. నేల తడిగుడ్డతో తుడిచి ఉంది. నీలం పొయ్యి, పక్కన నిన్ననే అల్లుడు మార్చిన సిలిండరు.

దెయనీరా లోపలి గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె చూపు ఆ ఎడమ చేతి మీద నుంచి కదల్లేదు.

అల్యూమినియం కాఫీ కూజాను తొడల మధ్య ఇరికించుకుంది కసిల్దా. మూత తిప్పింది. నీళ్ళు పోసింది. పొడి వేసింది — ఒక్క పలుకు కింద పడలేదు. తడిగుడ్డ కింద వేసి కూజా జారకుండా బిగించింది. పొయ్యి మీద పెట్టింది.

నాబ్ తిప్పింది.

స్స్స్...

చెయ్యి వెనక్కి తీసుకుంది. కుర్చీలో కూర్చుంది. చచ్చుబడ్డ కుడిచేతి మీద ఎడమచేతిని పెట్టుకుని, ఒళ్ళో సర్దుకుని, నవ్వింది.

నేర్పినది నేర్పినట్టే. ఎక్కడా తడబాటు లేదు.

దెయనీరా కూడా నవ్వింది. గుమ్మానికి ఆనుకుని... ఎదురుచూసింది.

అదీ ఘోరం. ఆమెకూ ఏ లోటూ కనపడలేదు.

సముద్రం అనుకుంది ఆ చప్పుడును.

తర్వాత ముక్కుకు తగిలింది. కుళ్ళిన ఉల్లిపాయలా, తియ్యగా, మెల్లగా.

"అమ్మా... అగ్గిపుల్ల?"

"ఏ అగ్గిపుల్లమ్మా?" అంది కసిల్దా.

నవ్వు చెదరలేదు. నిజంగానే అడిగింది.

పెరట్లో పుల్ల గీసిన చప్పుడు. గాలికి ఆరిపోయింది. తిబూర్సియో గాలిని తిట్టుకుంటూ, చుట్ట పళ్ళ మధ్య పెట్టుకుని, గాలికి చాటుగా పెరటి గుమ్మంలోకి జరిగాడు. రెండో పుల్ల తీశాడు.

దెయనీరా వంటిల్లు దాటి అక్కడికి ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. అతని మణికట్టు తన గుప్పిట్లో ఉంది.

"గియ్యకండి" అంది. అరవలేదు. "పెద్దాయనా, మీకు దణ్ణం పెడతా... గియ్యకండి."

అతని ముక్కు ఎప్పుడో చుట్టకు అమ్ముడుపోయింది. ఏమీ తెలియక ఆమె మొహంలోకి చూశాడు. ఆ మొహం చూసి పుల్లను నేల మీద జారవిడిచాడు.

ఆమె వెనక్కి వెళ్ళి నాబ్ కట్టేసింది. సిలిండరు కట్టేసింది. కిటికీ బార్లా తెరిచింది. కసిల్దాను చంకల కింద పట్టుకుని పెరట్లోకి తెచ్చి అరటిచెట్టు కింద కూర్చోబెట్టింది.

చప్పుడు ఆగింది.

ఆగలేదు. కింద సముద్రం అదే చప్పుడు చేస్తోంది.

"తప్పు చేశానా అమ్మాయీ?" అంది కసిల్దా. "మీ పిల్ల చెప్పినట్టే చేశానే. అక్కడైతే ఈపాటికి కాఫీ వచ్చేసేది."

అక్కడైతే.

అక్కడ కాఫీ యోకాస్తా ఫ్లాస్కులోంచి వచ్చేది.

దెయనీరా అరటిచెట్టుకు వీపు ఆనించింది. ఆ బేరం కళ్ళముందు నిలబడింది, నిన్న జరిగినట్టు. ఆసుపత్రిలో వంటగది కావాలని ఆమె అడిగింది. నిజం వంటగది — గట్టు, తొట్టి, పొయ్యి. పైవాళ్ళు అన్నీ ఇస్తామన్నారు. మంట ఒక్కటి కుదరదన్నారు. గ్యాసు కలపకూడదు. అగ్గిపెట్టె లోపలికి రాకూడదు. ఒప్పుకుంటే గది ఇవాళే.

మంట వదులుకుంటే గది.

ఒక్క గుక్క కాఫీ తాగినంత సేపు కూడా ఆలోచించలేదు ఆమె. చెయ్యి కలిపింది. ఆ సాయంత్రం పిల్లలందరికీ తీపి పంచింది. జీవితంలో చేసిన బేరాలన్నిట్లో అది మంచిదని చెప్పుకుంది.

పొయ్యి వచ్చింది. నాబ్ వచ్చింది. తిప్పితే టక్కుమనేది, అంతే. తిప్పినవాళ్ళు కుర్చీలో కూర్చుంటే యోకాస్తా ఫ్లాస్కు వంచి వేడి కాఫీ పోసి, చప్పట్లు కొట్టేది.

పక్షవాతం కసిల్దా చేతినొక్కదాన్నే తీసుకుపోలేదు. ఏ పని తర్వాత ఏ పనో, ఆ వరుసను కూడా తుడిచేసింది. తుడిచిన చోట వీళ్ళు కొత్త వరుస దిద్దారు. ఓపికగా. ప్రేమగా. రోజూ.

తిప్పు. కూర్చో. ఎదురుచూడు.

ఎంత బాగా నేర్పాం, అనుకుంది.

అప్పుడు గుర్తొచ్చాడు మెలానియో.

జాలరి. ఒంటరివాడు. అదే గట్టు దగ్గర, అదే నాబ్ తిప్పి, అదే కాఫీ తాగి, చప్పట్ల మధ్య ఇంటికి వెళ్ళినవాడు. వానల్లో అతని గుడిసె కాలిపోయింది. లోపల అతను. సిలిండరు నాసిరకమని అమ్మినవాణ్ణి ఊరంతా తిట్టింది. దెయనీరా కూడా తిట్టింది. పూలదండ పంపింది.

మరుసటి వారం తన ఇంటికి గ్యాసు వేసే కొట్టు మార్చింది.

ఏమో. సిలిండరే కావచ్చు.

ఏమో...

బూడిద చెప్పదు. ఆమె వేళ్ళు ఫోను నొక్కుతున్నాయి.

"యోకాస్తా. వంటగది ఆపెయ్."

అవతల నవ్వు. చప్పట్లు. "మేడమ్, ఇప్పుడే ఈయన ఎంత చక్కగా తిప్పాడో చూడాల్సింది మీరు. రేపు ఇంటికి పంపేద్దామా?"

"పంపొద్దు. ఎవర్నీ పంపొద్దు. ఆ ఫ్లాస్కు పారెయ్."

"ఏమైంది మేడమ్?"

దెయనీరా ఫోను కట్టేసింది.

తిబూర్సియో నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆరిన చుట్ట చేతిలో ఉంది. భార్య వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. అతనికి అప్పుడు అందింది.

"మా అమ్మాయి పొద్దున్నే వెళ్ళింది" అన్నాడు. "నిన్న వెళ్ళుంటే... నిన్న నేను సముద్రం మీదున్నా మేడమ్. ఇదొక్కతే ఇంట్లో."

కసిల్దా పక్కన నేల మీద కూలబడి, ఆమె చచ్చుబడ్డ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంటికొచ్చిన మనిషిని కాఫీ ఇవ్వకుండానే పంపుతున్నావే" అంది కసిల్దా అతనితో, చిన్నబోయి.

దెయనీరా పరుగెత్తింది.

గుట్ట దిగి, రాళ్ళ మీద పడుతూ లేస్తూ. ఆ గదిలో నేర్చుకుని ఇళ్ళకు వెళ్ళినవాళ్ళలో ఒంటరిగా ఉండేవాళ్ళు ముందు. ఇంట్లో మనిషి తోడున్నవాళ్ళు తర్వాత. ఈ ఎంపిక కూడా బేరమే, ఈ పరుగులో కూడా బుర్ర తూకమే వేస్తోంది. ఆమెకు తన బుర్రంటే భయం వేసింది.

ఒబ్దూలియా. ముసలి విధవ. పిల్లలు లేరు. కసిల్దా కంటే ముందు ఇంటికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది దెయనీరాయే.

తీరం అంచున పసుపు ఇల్లు.

ఈ ఊళ్ళో పగలు ఎవరూ తలుపులు వేసుకోరు. గాలి రావాలి, పలకరింపు రావాలి, కోడిపిల్ల రావాలి.

ఆ ఇంటి తలుపు వేసి ఉంది. కిటికీ వేసి ఉంది.

దెయనీరా గుమ్మం ముందు ఆగింది. చెయ్యి ఎత్తింది. తట్టాలా? తోసెయ్యాలా? లోపల దీపం ముందు కూర్చుని ప్రార్థన చేసుకుంటోందేమో. నిద్రపోతోందేమో. కుర్చీలో, చేతి మీద చెయ్యి పెట్టుకుని, నవ్వుతూ...

ఊపిరి బిగబట్టి విన్నది.

వెనక కెరటం విరిగింది. వెనక్కి మళ్ళింది. తెల్లటి రాళ్ళ సందుల్లోంచి నీరు జారింది.

తర్వాత నీరంతా జారిపోయింది.

చప్పుడు మాత్రం...

స్స్స్...