జెట్టీ అడుగున మొగుడు

తెల్లారితే చాలు, వలలు బాగుచేసే ఆవిడ జెట్టీ చివర తన చోట హాజరు. గాలానికి రొయ్య ముక్క గుచ్చి, సీసం గుండు కట్టిన తంగూసు దారం అడుగంటేలా వదిలి, చూపుడువేలి మీద ఆనించుకుని కూర్చునేది. ఇసుకలో పడుకునే చేపలతో కంగారు పనికిరాదు. తొందరపడి లాగామా, పోయినట్టే.

మూడేళ్ల కిందట అక్కడే మునిగిపోయిన మొగుడు రోజూ కింద నుంచి రెండుసార్లు తంగూసు గుంజేవాడు. తర్వాత ఓ నాలుక చేపను గాలానికి తగిలించి పంపేవాడు. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఆ రెండుసార్లు గుంజడమే ఆవిడకి మిగిలిన కాపురం.

"ఎలా ఉన్నాడే మీ ఆయన?" అనేది ఎర అమ్మే పిన్ని.

"ఉన్నాడు పిన్నీ. ఇవాళ చిన్నదే పంపాడు."

మిగతావాళ్లు తల కూడా తిప్పరు. ఎవరి గాలం గొడవ వాళ్లది.

అసలు గొడవ ఐస్ ఫ్యాక్టరీ ఆయనతో వచ్చింది. పెళ్లాం పోయినవాడు, నెమ్మదస్తుడు. చేసుకుంటానని పిన్ని చేత కబురంపాడు.

"ఎన్నాళ్లే ఇలా, పిచ్చిదానా? ఇవాళ ఏదో ఒకటి చెప్పు" అంది పిన్ని.

"ఆయన్ని అడిగి చెప్తా."

వద్దంటాడని ఎంత ధీమా! గుండు అడుగున ఆనగానే నీళ్ల మీదికి వంగింది. "ఏమయ్యా, ఇంకొకాయన అడుగుతున్నాడు. వద్దంటే గుంజు."

గుంజలేదు. వేలి కింద తంగూసు సన్నగా వణికి, తేలికైపోయింది. లాగి చూస్తే గుండూ లేదు, గాలమూ లేదు. తెగలేదు, దారం కొసన ముడి పడ్డ వంకర్లు అలాగే ఉన్నాయి. విప్పేశాడు!

"చచ్చి కూడా నన్ను వదిలించుకోవాలనే చూస్తున్నావా?" అని ఏడుస్తూ ఇంకోటి కట్టింది. అదీ విప్పాడు. మొండిది కదా, పళ్లతో బిగించి మూడోది కట్టింది.

ఈసారి చాలాసేపు పట్టింది. కింద వేళ్లు ముడి దాకా రావడం, జారిపోవడం, ఆగడం, మళ్లీ రావడం, అంతా ఆవిడ వేలికి తెలుస్తూనే ఉంది. ఒకప్పటి చేతులు కావవి. సత్తువే లేదు వాటిలో. పొద్దెక్కేదాకా పెనుగులాడి, ఎలాగో విప్పాడు.

పిన్నికే జాలేసి, తన బుట్టలోంచి గుండు తీసిచ్చింది. "ఇదిగో, ఇంకోటి కట్టుకోవే."

"వద్దు పిన్నీ. నేను కడితే ఆయన మళ్లీ విప్పాలి. ఓపిక లేదు ఆయనకి."

కళ్లు కూడా తుడుచుకోకుండా, ఉత్త తంగూసు చేతికి చుట్టుకుంటూ లేచింది.

"ఐస్ ఫ్యాక్టరీ ఆయనకి సరేనని చెప్పు."