దారం లేని పొట్లం

జొన్న చేలో గాలి ఈల వేస్తోంది.

సన్నని ఈల. ఎండిన ఆకు ఆకుకు రాసుకుని...

విమలమ్మకు ఆ ఈల కొత్త కాదు. పదేళ్లుగా అది ఆమె ఛాతీలోనే కాపురముంది. నడిస్తే ఊరుకుంటుంది. పరుగెత్తిందా — లేస్తుంది. పాడు ఈల, ఇరవై ఏళ్ల పిల్లను గడప దగ్గర కూర్చోబెట్టింది!

చేవెళ్ల దవాఖానలో ఆ ఉబ్బసపు ఈలకే మందు పరీక్షిస్తున్నారు. ప్రతి గురువారం విమలమ్మ బస్సెక్కి వెళ్లేది. పొడి మింగి, అరగంట ఆగి, దవాఖాన చుట్టూ పరుగు. ఆరు చుట్లు. తర్వాత నర్సు సారమ్మ ఊపిరి కొలిచే గొట్టం అందించేది — ఊదు, ఇంకా ఊదు.

ఒక వారం ఎర్ర దారం కట్టిన పొట్లం. ఒక వారం నల్ల దారం కట్టినది. ఒకదాంట్లో మందు, ఒకదాంట్లో ఉత్త పిండి. ఏది ఏదో సారమ్మకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఆ సంగతి రాసిన కవరు పట్నంలో ఉంది, సీలు వేసి.

విమలమ్మ ఛాతీకి మాత్రం తెలుసు.

నల్ల దారం రోజు మూడో చుట్టుకే ఈల. ఎర్ర దారం రోజు... అబ్బ, ఆరు చుట్లు తిరిగినా నిశ్శబ్దం! ఆ నిశ్శబ్దానికి ఆమె ఏడ్చేసింది.

అది పంతొమ్మిది వందల అరవై తొమ్మిది. తెలంగాణ కావాలని ఊళ్లన్నీ లేచాయి. బస్సులు ఆగిపోయాయి. ఆగకముందే సారమ్మ రెండు వారాల పొట్లాలు ఇచ్చి పంపింది. ఒకటి ఎర్రది. ఒకటి నల్లది.

ఈ పొద్దున తల్లి బీరమ్మ కంట అవి పడ్డాయి, బైబిలు పక్కన.

"మనింట్ల దారాలేంది బిడ్డా? తాయెత్తులు కట్టేటోళ్లమా మనం?"

దారాలు తెంపి పొయ్యిలో వేసింది. వెంట ఒక పొట్లమూ వేసింది.

"అవ్వా! అది మందే!"

అప్పటికి ఒకటే మిగిలింది. తెల్ల కాగితం. ఎర్రదా? నల్లదా? బీరమ్మకు గుర్తు లేదు.

అంతలోనే పక్కింటి ముసలి భిక్షం కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"పోలీసులు చేవెళ్ల దాటిండ్రు. రోడ్డుకు అడ్డమేసిన కొమ్మలు తీసుకుంట వస్తుండ్రు. మీ గిద్యోనుకు జర చెప్పుర్రి!"

గిద్యోను ఆమె అన్న. మొయినాబాద్ రోడ్డు మీద జెండా పట్టుకుని కూర్చున్నాడు. పోయిన నెల లాఠీకి పగిలిన తల ఇంకా మానలేదు. మళ్లీ దెబ్బ పడితే దక్కడని డాక్టరే అన్నాడు.

ఇంట్లో పరుగెత్తగల కాళ్లు రెండే — విమలమ్మవి.

పొడి వేసుకుని అరగంట ఆగాలి. అరగంట ఎక్కడిది?

నోట్లో పోసుకుంది. చేదు. రెండూ చేదే — తెలివైన వాళ్లు కట్టిన పొట్లాలు! నీళ్లు కూడా తాగకుండా పరుగెత్తింది.

జొన్న చేను. గట్టు. వాగు. మళ్లీ జొన్న చేను.

ఒక చుట్టు, అనుకుంది దవాఖాన లెక్కలో. రెండో చుట్టు. మూడో చుట్టు... రావద్దు ప్రభువా, ఇవాళ రావద్దు.

నాలుగో చుట్టు.

చేను చివర రోడ్డు కనిపించింది. జెండాలు. అన్న తలకు తెల్ల కట్టు. రోడ్డు ఆ కొసన దుమ్ము — పోలీసు బండ్ల దుమ్ము.

ఈల వినిపించింది.

ఆగింది. చేనిదా? తనదా? ఊపిరి పీలిస్తే తెలిసిపోతుంది. పీల్చడానికి భయం. లోపల ఉన్న ఊపిరి ఒక్క కేకకు సరిపోతుంది.

"అన్నా—"

తెల్ల కట్టు ఇటు తిరిగిందో... లేదో...

జొన్న చేలో గాలి ఈల వేస్తోంది.